పులస తిరుగు ప్రయాణము

ఆషాఢమాసమున వానలు ముదిరినంతనే ఇంద్రావతి, శబరి మొదలగు ఉపనదుల నీటితో గోదావరి ఎఱ్ఱబడి పొంగును. వరద వచ్చెనన్న వార్తతోపాటు తీరమందలి పల్లెలలో మఱియొక ప్రశ్న కూడ బయలుదేరును: "పులస పడినదా?" ఉభయ గోదావరీ మండలములందు "పుస్తెలమ్ముకొని యైనను పులస తినవలెను" అను సామెత నెఱుగనివారు లేరు. ఈ సామెత పుట్టించిన మహానుభావుడెవ్వడో గాని, ఆతనికి చేపపై గల మక్కువ ఇల్లాలిపై ఉన్నట్లు తోచదు.

గౌతమీ తీరమున నున్న యానాములో మంచి పులస యొకటి వేలమునకు వచ్చినచో వేలకొలది రూపాయలు పలుకును. మఱునాడు వార్తాపత్రికలో దాని బొమ్మ పడును. కొన్నవాని పేరును పడును. అయితే ఈ ప్రసిద్ధి యంతయు సముద్రమునుండి నదిలోనికి ఎదురెక్కి వచ్చు చేపకే. అది వచ్చిన పని ముగించుకొని ఎటు పోయెను? ఎప్పుడు పోయెను? దాని పిల్లలు ఎచ్చట పెరిగెను? ఇట్లడుగువారు అరుదు. అయినను పులసజాతి నిలుచునా, నశించునా యనునది చాలవఱకు ఈ తిరుగు ప్రయాణముపైననే ఆధారపడి యున్నది.

మొదట ఆ చేపను చూతము. పులస హెరింగు కుటుంబమునకు చెందినది. మన తీరమున విరివిగా దొరకు కవళ్లకు దగ్గఱి చుట్టము. ప్రక్కలు వెండివలె మెఱయును. తోక లోతుగా చీలియుండును. పొట్ట అడుగున ఱంపపు పండ్లవంటి పొలుసుల వరుస కలదు. మాంసములో వెండ్రుకలవంటి ముండ్లు లెక్కకు మిక్కిలిగా ఉండుటచే దానిని తినుటకు ఓపిక వలయును. ఇంత విలువగల చేప తినునది మాత్రము మిక్కిలి స్వల్పమైన ఆహారము. దాని మొప్పలలో దువ్వెన పండ్లవలె సన్నని ముండ్లు దట్టముగా ఉండును. నోటినిండ నీరు తీసికొని, ఆ దువ్వెనతో వడకట్టి, కంటికి కనబడని పాచిని, నలుసంత జీవులను మ్రింగును.

ఈస్టిండియా కంపెనీ కొలువులో వంగదేశమున పనిచేసిన ఫ్రాన్సిస్ హామిల్టను అను స్కాటిష్ వైద్యుడు, గంగానదిలోని చేపలను గూర్చి 1822లో ప్రకటించిన గ్రంథమున దీనిని మొదటిసారి శాస్త్రీయముగా వర్ణించెను. నేటి శాస్త్రజ్ఞులు దీనిని టెన్యులోసా ఇలిషా అందురు. అందలి 'ఇలిషా' బెంగాలీలు పలుకు 'ఇలిశ్' అను పేరే. సముద్రమున పడినప్పుడు మన జాలరులు దీనిని ఇలస యనియు, విలస యనియు అందురు. గోదావరిలో ఎదురీదిన పిమ్మట అదియే పులస. ఒకే ప్రాణికి రెండు చోట్ల రెండు పేర్లు! దాని జీవితమే రెండు నీళ్లలో గడచునప్పుడు ఈ రెండు పేర్లు తగియే యున్నవి.

పులసలు ఆస్ట్రేలియానుండియు, న్యూజిలాండునుండియు వేలమైళ్లు ఈదుకొని గోదావరికి వచ్చునని ఒక మాట ఏటేట వినబడుచుండును. పత్రికలు కూడ దీనిని మఱల మఱల అచ్చువేయుచుండును. ఇది వట్టి కట్టుకథ. ఈ చేప నివాసము పారసీక సింధుశాఖ మొదలు సింధునది ముఖద్వారము మీదుగా బంగాళాఖాతము, బర్మా తీరముల వఱకును గల సముద్రభాగము. అందును నడిసంద్రమునకు పోవుటకంటె తీరమును అంటిపెట్టుకొని నదీముఖములకు సమీపమున నుండుటయే దాని అలవాటు. మన పులసలు మన కడలిలోనివే. దూరదేశమునుండి వచ్చినదన్న గొప్ప దానికి అక్కఱలేదు.

ఉప్పునీటినుండి మంచినీటికి మాఱుట చేపకు సామాన్యమైన పని కాదు. సముద్రములో బయటి నీరు చేప నెత్తురుకంటె ఉప్పగా నుండును. అందువలన దాని శరీరములోని నీరు వెలికి పోవుచుండును. ఆ లోటు తీర్చుకొనుటకు అది సముద్రపు నీటినే త్రాగి, అందలి ఉప్పును మొప్పలద్వారా బయటికి నెట్టును. నదిలో అంతయు తలక్రిందులు. నీరు తనంత తానే శరీరములోనికి చొరబడును, ఉప్పు జాఱిపోవును. అప్పుడు చేప నీరు త్రాగుట మాని, అధికమైన నీటిని మూత్రముగా విడిచి, నీటిలోని కొద్దిపాటి లవణమును మొప్పలతో పట్టుకొనవలెను. ఒకే అవయవము ఒక చోట ఉప్పును వెడలగొట్టుచు, మఱియొక చోట ఉప్పును కూడబెట్టవలసి యున్నది. నది సముద్రముతో కలియు చోటున ఉప్పు క్రమక్రమముగా మాఱుచుండుటచే ఈ మార్పు సుగమమగును. అంతర్వేది కడను, యానాము దిగువను గల ఆ చప్పని ఉప్పునీరు పులసకు రాకపోకల వాకిలి వంటిది. వచ్చునప్పుడెట్లో, పోవునప్పుడును అట్లే.

ఎదురెక్కుచున్న చేప ఆహారమును చాలవఱకు తగ్గించి, సముద్రమున కూడబెట్టుకొన్న క్రొవ్వును ఖర్చుచేయుచు ముందుకు సాగును. వరదనీటిలో, పోటు ఉప్పు తగులని చోట ఆడచేపలు గ్రుడ్లు విడువగా, మగచేపలు వానిని ఫలింపజేయును. పెద్ద చేప గ్రుడ్లు పది లక్షలను మించవచ్చును. చిన్న చేపకైనను రెండు మూడు లక్షలుండును. ఈ గ్రుడ్లు రాళ్లకు అంటుకొనవు, గూటిలో నిలువవు. నీటిలో ఉబ్బి ప్రవాహముతో దొర్లుచు పోవుచుండును. సుమారొక దినములో పిల్లలు వెలువడును. లక్షల గ్రుడ్లలో పెద్దచేపలగునవి వేళ్లమీద లెక్కింపదగినవి.

గ్రుడ్లు విడిచిన తల్లి సంగతి ఏమి? పసిఫిక్ సముద్రమునందలి సాల్మను జాతులలో పెక్కు చేపలు గ్రుడ్లు విడిచినంతనే నదిలోనే మరణించును. వానికి తిరుగు ప్రయాణము లేదు. పులస అట్టిది కాదు. బ్రదికినచో మఱల సముద్రమునకు పోయి, పుష్టిపొంది, మఱియొక వరదకు మఱల వచ్చి గ్రుడ్లు పెట్టగలదు. కాని ఆ సమయమున దాని స్థితి దయనీయము. క్రొవ్వు కరగిపోయి, పొట్ట వ్రేలాడి, శరీరము చిక్కి యుండును. మెఱుపు తగ్గును. రుచియు పోవును. ఆశ్వయుజ కార్తిక మాసములలో వరద తీయుచుండగా అది ప్రవాహమునకు ఒదిగి దిగువకు జాఱును. ఎక్కునప్పుడు వరదతో పోరాడిన చేప దిగునప్పుడు వరదనే వాహనముగా చేసికొనును. అట్టి చిక్కిన చేపను పట్టి పులసయని అమ్మువారు కలరు. కొనువాడు ముండ్లకు మాత్రమే ధర చెల్లించుచున్నాడని చెప్పవచ్చును. ఆ చేపను విడిచిపెట్టినచో, మఱుసటి ఏడు అదే నీటిలో లక్షల గ్రుడ్లు విడిచియుండెడిది.

తల్లి పోవును, పిల్లలు పోవు. ఇక్కడనే విషయము ఆసక్తికరమగుచున్నది. నదిలో పుట్టిన పులసపిల్ల వెంటనే సముద్రమునకు చేరినచో ఆ ఉప్పునీటిలో బ్రదుకజాలదు. అది అయిదాఱు నెలలు మంచినీటిలోను, సంగమ సమీపమునందలి స్వల్పమైన ఉప్పునీటిలోను పెరుగవలెను. వరద తీసిన పిమ్మట నది తేరుకొనును. ఒండ్రు అడుగునకు దిగును. సూర్యకిరణములు నీటిలోనికి చొచ్చుకొనిపోవును. పాచియు, దానిని తిని బ్రదుకు సూక్ష్మజీవులును వృద్ధి పొందును. పిల్లలకు కావలసిన తిండి అదియే. నడిధారలో వేగము నెదుర్కొనలేక అవి ఒడ్డున, ఇసుకమేటల అంచులందు, లంకల ప్రక్క పాయలలో మెల్లని నీటిలో గుంపులుగా తిరుగుచుండును. ఆ దశలో వాని ప్రక్కలపై మొప్పల వెనుకనుండి నల్లని చుక్కల వరుస కనబడును. పెరిగినకొలది ఆ చుక్కలు మాసిపోవును.

హుగ్లీ, మేఘనా నదులలో ఈ పిల్లలను గూర్చి శాస్త్రజ్ఞులు విరివిగా పరిశీలించిరి. వర్షాకాలాంతమున పుట్టినవి శీతకాలమంతయు నదిలో గడపి, వేసవి సమీపించునప్పటికి జానెడు పొడవునకు కొంచెము తక్కువగా పెరిగి, క్రమక్రమముగా దిగువకు, ఉప్పు తగులు చోటికి, అటుపిమ్మట కడలికి సాగును. సముద్రమున ఒకటి రెండేండ్లు పెరిగి ఈడునకు వచ్చిన పిమ్మట నదివైపు తిరుగును. కావున సంవత్సరము పొడవునను నదికిని పులసకును సంబంధము తెగుట లేదు. శ్రావణమున తల్లులు, కార్తికమున తిరిగిపోవు తల్లులును చిట్టి పిల్లలును, మాఘ ఫాల్గుణములందు ఎదిగిన పిల్లలు. వరద నెలలలో మాత్రమే పులస గోదావరిలో ఉండునన్న భావము సగము మాత్రమే సత్యము.

నీటిలో కనబడక తిరుగు చేప ఎప్పుడెక్కడ ఉన్నదో ఎట్లు తెలిసినది? జాలరుల అనుభవము మొదటి ఆధారము. ఏ నెలలో ఏ వలకు ఎంత పొడవు చేప పడినదో లెక్క వ్రాయుట రెండవది. మూడవది మిక్కిలి చిత్రమైనది. చేప తలలో, చెవి భాగమున, చిన్న రాయివంటి ఎముక కలదు. చెట్టు మ్రానులో వలయములు ఏర్పడినట్లు ఈ చెవిరాతిలో చేప పెరుగుచున్నకొలది పొరలు చేరుచుండును. స్ట్రాన్షియము అను లోహము సముద్రపు నీటిలో ఎక్కువగాను, నదినీటిలో సామాన్యముగా తక్కువగాను ఉండును. చేప ఏ నీటిలో నున్నప్పుడు ఏర్పడిన పొరలో ఆ నీటి గుర్తు నిలిచిపోవును. రాతిని సన్నగా అరగదీసి, నడుమనుండి అంచువఱకు పరీక్షించినచో ఆ చేప బాల్యము మంచినీటిలో గడచెనో, ఎప్పుడు ఉప్పునకు పోయెనో, మఱల ఎప్పుడు వచ్చెనో చదువవచ్చును. దినచర్య వ్రాసికొనని బాలురు అనేకులు కలరు గాని, పులస మాత్రము పుట్టినది మొదలు తన దినచర్యను తలలో వ్రాసికొనుచునే యుండును! ఇట్టి పరీక్షలవలన మఱియొక సంగతియు తెలిసినది. ఇలసలన్నియు ఒకే త్రోవను నడువవు. కొన్ని సంగమ స్థలములనే ఆశ్రయించి కాలము గడపును. కొన్ని నదిలోనే చాలకాలము నిలుచును.

ఇన్ని మార్గములును తెఱచియుండవలెననగా నది తెఱచియుండవలెను. సర్ ఆర్థరు కాటన్ 1847లో ప్రారంభించి 1852 నాటికి ధవళేశ్వరము కడ గోదావరిపై ఆనకట్ట కట్టించెను. కఱవు కాటకములతో అల్లాడిన డెల్టా దానివలన అన్నపూర్ణ యయ్యెను. ఆ మేలును ఎవ్వరును కాదనజాలరు. అయితే నీటికి కట్టిన గోడ చేపకును గోడయే. పెద్ద వరదలలో ఆనకట్ట మునిగి, ఎగువ దిగువ నీటిమట్టములు దాదాపు సమమైనప్పుడు బలముగల పులసలు దాటిపోయెడివి. తక్కినవి దిగువననే గుమిగూడి జాలరుల వలలలో చిక్కెడివి. పులస సాల్మనువలె గాలిలోనికి దుముకజాలదు. కావున పాశ్చాత్య దేశములలో సాల్మనుకొఱకు కట్టు చేపమెట్లు దీనికి ఉపకరించుట కష్టము. పాత ఆనకట్ట స్థానమున 1970-1982 నడుమ కట్టిన నూతన బారేజికి 175 తలుపులు కలవు. మహావరదలో తలుపులన్నియు పైకెత్తినప్పుడు త్రోవ తెఱచుకొనును. వరద తీసినంతనే అవి దిగును.

పైకి పోవు చేపకు గోడ ఎంత ఆటంకమో చెప్పుటకు గంగానది సాక్షి. 1975లో ఫరక్కా బారేజి పనిచేయుట ప్రారంభించెను. అంతకు పూర్వము ఇలిశ్ గంగలో అలహాబాదు దాటి, యమునలో ఆగ్రా, ఢిల్లీల వఱకును పోయెడిది. సముద్రమునకు వేయి కిలోమీటర్లకు పైబడిన దూరమున జాలరులు దానిమీద జీవించెడివారు. ఆ పిమ్మట అక్కడ అది దాదాపు కనుమఱుగయ్యెను. దక్షిణమున కావేరిపై 1934లో మెట్టూరు ఆనకట్ట పూర్తియై వరదలు అణగిన తరువాత అచ్చటి పులసయు క్షీణించెను.

దిగువకు పోవు చేపకు గల కష్టము ఇంత స్పష్టముగా కంటికి కనబడదు. తలుపులు దిగిన పిమ్మట ఎగువన మిగిలిన తల్లులకును పిల్లలకును నది చెఱువగును. నీరు ఇరుప్రక్కల కాలువలకు మఱలును. ఆ నీటితోపాటు కాలువలలోనికి పోయిన పిల్ల వరిచేలను చేరును గాని సముద్రమును చేరదు. దిగువన గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలలో వేసవినాటికి మంచినీటి ప్రవాహము సన్నగిల్లుటచే పోటు ఉప్పు ఎగువకు ఎగబ్రాకును. అనగా పిల్లలు పెరుగవలసిన తొట్టి ఇరుకగుచున్నదన్నమాట. ఎగువన పోలవరము కడ మఱియొక మహానిర్మాణము సాగుచున్నది. 2021లో నదీప్రవాహమును దాని నూతన తలుపుల మీదుగా మళ్లించిరి.

ఇక వల సంగతి. ఈ విషయమున బంగ్లాదేశమునుండి నేర్వదగినది కలదు. ఇలిశ్ ఆ దేశపు జాతీయ మత్స్యము. పట్టుబడి తగ్గుచుండగా ఆ ప్రభుత్వము తల్లిని, పిల్లను వేఱువేఱుగా కాపాడ నిశ్చయించెను. ఆశ్వయుజ పూర్ణిమను ఆనుకొని గ్రుడ్లు విడుచు దినములలో వేట నిషిద్ధము. ఇది ఇటీవలి సంవత్సరములలో 22 దినములుగా నున్నది. అటుపిమ్మట నవంబరు మొదలు జూను వఱకు ఎనిమిది నెలలు 25 సెంటీమీటర్లకు తక్కువైన పిల్లలను పట్టరాదు. ఆ పిల్లలను అచ్చట జాట్కా యందురు. అవి పెరుగు నదీభాగములు కొన్ని అభయస్థలములుగా ప్రకటింపబడినవి. ఆజ్ఞ జారీచేసినంత మాత్రమున ఆకలి ఆగదు గదా! అందుచే నిషేధకాలమున జాలరి కుటుంబములకు బియ్యము పంచు ఏర్పాటు కూడ చేసిరి. 2002-03లో సుమారు 2 లక్షల టన్నులున్న పట్టుబడి 2017-18 నాటికి 5 లక్షల టన్నులను మించెను. బియ్యము చాలలేదనియు, సకాలమున అందలేదనియు జాలరులు మొఱపెట్టుకొనుటయు కలదు. దొంగవేటయు పూర్తిగా మానలేదు. అయినను పిల్లను విడిచినవాడే పెద్దచేపను పట్టునన్న లెక్క అచ్చట ఋజువైనది.

వంగదేశమున ఈ లెక్క చట్టములకు ముందే కొన్ని ఇండ్లలో ఆచారముగా నుండెను. తూర్పు బెంగాలు కుటుంబములు కొన్ని విజయదశమి వెళ్లిన పిమ్మట ఇలిశ్‌ను వంటయింటికి తేవు. మాఘమాసమున శ్రీపంచమినాడు, సరస్వతీపూజవేళ, జంట చేపలను తెచ్చి మఱల ఆరంభించును. ఆ నడిమి నెలలు సరిగా తల్లి చిక్కి దిగిపోవునవియు, పిల్ల నదిలో పెరుగునవియు. ఆచారము పెట్టిన పెద్దలు చెవిరాతిని చదివినవారు కారు. ఏ నెలలో చేప కమ్మగా నుండునో, ఏ నెలలో నుండదో మాత్రము వారికి బాగుగా తెలియును.

మన తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు యంత్రపు పడవల సముద్రవేట నిలిపివేయబడును. అది సముద్రమునందలి చేపలకు ఎంతో మేలు. కాని పులస తల్లి నదిని దిగు కార్తికమాసము ఆ గడువులో లేదు. పిల్లలు లంకల ప్రక్క పెరుగు శీతకాలమును లేదు. ఆ నెలలలో సన్నకన్నుల వల లాగినచో చిన్నచేపల కుప్పలో పులసపిల్లలు కూడ కలిసి బుట్టలోనికి పోవును. బుట్ట ధర కొద్ది రూపాయలు. కొన్నవారు పులుసు కాచుకొని, ముండ్లు ఎక్కువగా నున్నవని విసుగుకొందురు.